లూజైన పాళీకి గమ్ము పెట్టకండి

ఫౌంటెన్ పెన్ను పాళీ (నిబ్బు) ఊగుతోందని తెలియగానే మావాళ్లు చేసే మొదటి పని సూపర్ గ్లూ ట్యూబు కొనుక్కురావడం. పాళీ బిగిసిపోతుంది, నిజమే. దాంతోపాటు సిరా వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. గమ్ము ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుతుంది. తర్వాతెప్పుడో కడుగుదామని పాళీ లాగితే పెన్ను మెడ విరుగుతుంది గానీ పాళీ రాదు. ఇప్పటికే గమ్ము పెట్టేసినవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ట్యూబు చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. కోర్టు దగ్గర కూర్చుని అర్జీలు రాస్తాను. ఆఫీసులో ఇవ్వాల్సినవి ఒడియాలో, జనం ఇంటికి పట్టుకెళ్లి చదువుకోవాల్సినవి తెలుగులో. రెండూ గుండ్రటి లిపులే. పాళీ లూజైతే నిలువు గీతల్లో తెలియదు, వంపు తిరిగేచోట తెలుస్తుంది. ఒడియా అక్షరం తలమీది చుట్టు దగ్గరా, మన ఘ, ఝ దగ్గరా చెయ్యి ఒకవైపు పోతే పాళీ ఇంకోవైపు పోతుంది. గీత రెండుగా చీలుతుంది, లేదా మధ్యలో సిరా ఆగిపోతుంది. నా పెన్నులు నేనే బాగుచేసుకుంటానని తెలిసి వకీళ్లు, టీచర్లు వాళ్ల పెన్నులు కూడా నా బల్లమీద పెట్టి వెళ్తుంటారు.

పాళీ కింద ఉండే నల్లటి ముక్కని మేం నాలుక అంటాం, కంపెనీలవాళ్లు ఫీడ్ అంటారు. వేళ్లతో పట్టుకునే భాగం మెడ. పాళీనీ నాలుకనీ కలిపి మెడలోని రంధ్రంలోకి నెడతారు. మన డ్రాపర్ పెన్నుల్లో, అంటే డ్రాపర్‌తో గొట్టంలోకి నేరుగా సిరా పోసుకునేవాటిలో, చాలావాటికి మరలు, మేకులు ఏమీ ఉండవు. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకోవడమే బిగువు. ఆ బిగువు సడలితే పాళీ ఊగడం ఒక్కటే కాదు, సిరా లెక్క కూడా తప్పుతుంది. నాలుక మీద ఉన్న సన్నటి కాలువలోంచి సిరా కిందికి దిగాలి, దిగినంత మేర గాలి పైకి ఎక్కాలి. అమెరికాలో పెన్నులు తయారుచేసిన లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నది ఇలాంటి కాలువలున్న నాలుకకే. నాలుక వదులైతే పక్క సందుల్లోంచి గాలి దొంగదారిన దూరుతుంది. అప్పుడు కాగితం మీద మచ్చలు, మూతలో మడుగు.

అయితే మచ్చలు పడిన ప్రతి పెన్నూ లూజు కాదు. ఆర్.ఉదయగిరి వైపు కొండమీది స్కూల్లో పనిచేసే టీచరమ్మ ఒకావిడ వచ్చి, "బాబుగారూ, మీరు బిగించిన నాలుక మళ్లీ వదులైపోయిందండీ, మూతనిండా సిరాయే" అన్నారు. "సిరా ఎంత పోశారమ్మా?" అని అడిగితే, "అడుగున కొంచెం ఉందండీ, పొదుపుగా వాడుతున్నా" అన్నారు. నాలుక తప్పేమీ లేదు. మా జిల్లాలో మహేంద్రగిరి ఎత్తే 1,501 మీటర్లు. ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది. గొట్టంలో సిరా తక్కువగా, గాలి ఎక్కువగా ఉంటే ఆ గాలి ఉబ్బి సిరాని బయటికి నెడుతుంది. వైశాఖంలో జేబులో పెన్ను వేడెక్కినా, గంటసేపు చేతిలో ఉండి వెచ్చబడినా ఇదే జరుగుతుంది. డ్రాపర్ పెన్నుని నిండుగా ఉంచండి, లేదా పూర్తిగా ఖాళీ చేసి ప్రయాణం చెయ్యండి. పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోండి. పావు వంతు సిరాతో ఘాట్ రోడ్డు ఎక్కొద్దు.

నిజంగా లూజో కాదో తెలుసుకోవాలంటే మెడని ఎడమచేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో పాళీని పక్కకి నెమ్మదిగా నెట్టండి. మామూలుగా అది కదలకూడదు. పాళీ ఒక్కటే జరిగి నాలుక నిలబడితే ఆ రెండింటి మధ్య సఖ్యత లేదన్నమాట. రెండూ కలిసి తిరిగితే మెడలోని రంధ్రం అరిగింది, లేదా అందులో పెట్టిన నాలుక సన్నది. తర్వాత పెన్నుని కిటికీకి అడ్డంగా పెట్టి పక్కనుంచి చూడండి. పాళీకీ నాలుకకీ మధ్య సన్నటి వెలుతురు గీత కనిపిస్తే అక్కడ ఎడం ఉంది. కంసాలి వాడే పదింతల భూతద్దం దొరికితే మంచిది. మెడ అంచున పగులు ఉందేమో కూడా అప్పుడే చూసెయ్యండి. పగులుంటే కింద చెప్పినవేవీ పనిచెయ్యవు.

ఊడదీసే ముందు ఒక సంగతి. కొన్ని పెన్నులకి పాళీ, నాలుక ఒక చిన్న గొట్టంలో ఇమిడి, మొత్తం మరమేకులా తిరుగుతూ బయటికి వస్తాయి. జర్మన్ పాళీలు వేసిన ఖరీదైన పెన్నులు చాలావరకు ఇలాంటివే. వాటిని లాగకూడదు, అప్రదక్షిణంగా తిప్పాలి. లామీ సఫారీ లాంటివాటికి పాళీ ఒక్కటే ముందుకి జారి వస్తుంది, నాలుకని ముట్టుకోనక్కర్లేదు. ఏది ఏదో తెలియకపోతే ఆ మోడల్ గురించి తెలుసుకున్నాకే చెయ్యి పెట్టండి.

నెట్టి బిగించిన రకమైతే ముందు మెడని రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టండి. ఎండిన సిరా కరగాలి. పాత సైకిల్ ట్యూబు ముక్కని పాళీకీ నాలుకకీ కలిపి చుట్టి, రెండింటినీ ఒకేసారి తిన్నగా లాగండి. మెలితిప్పొద్దు. కటింగ్ ప్లయర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, పాళీ రెండు కొసలూ ఎడమై మళ్లీ కలవవు. రాకపోతే, డ్రాపర్ పెన్ను మెడ వెనకవైపు తెరిచే ఉంటుంది కాబట్టి మొద్దుగా చెక్కిన వెదురు పుల్లతో వెనకనుంచి నాలుకని మెల్లగా నెట్టండి. వచ్చాక నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్షుతో కాలువా, గాట్లూ కడగండి. స్పిరిట్ వాడొద్దు, కొన్ని ప్లాస్టిక్కులకి పగుళ్లొస్తాయి. ఇలా కడిగి తుడిచి మళ్లీ పెట్టేసరికి కొన్ని పెన్నులు బాగైపోతాయి. గోడలకి పట్టిన సిరా మడ్డి నాలుకని సరిగ్గా కూర్చోనివ్వకపోవడమే అక్కడి జబ్బు.

కాకపోతే ఖర్చులేని ఉపాయాలు రెండున్నాయి. రంధ్రం ఎప్పుడూ సమంగా అరగదు. పాళీనీ నాలుకనీ కలిపి పట్టుకుని, రంధ్రంలో కొద్దికొద్దిగా స్థానం మారుస్తూ నెట్టి చూడండి. ఏదో ఒక వైపు గట్టిగా పట్టుకుంటుంది. రెండోది, రంధ్రం నోటి దగ్గరే ఎక్కువ అరుగుతుంది, లోపల బాగానే ఉంటుంది. ఒక మిల్లీమీటరు లోతుగా నెడితే చాలాసార్లు బిగిసిపోతుంది.

పాళీకీ నాలుకకీ మధ్య ఎడం ఉంటే మాత్రం వేడి కావాలి. ముందు నాలుక ఎబొనైటుదా, ప్లాస్టిక్కుదా చూడండి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే ఎబొనైటుకి సన్నగా గంధకం వాసన వస్తుంది. రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికిస్తే తయారయ్యేదే ఎబొనైటు. రాజమండ్రిలో 1932 నుంచి చేస్తున్న రత్నం పెన్నులకి పేరు తెచ్చింది ఈ పదార్థమే. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే ఆ వంపులోనే నిలబడుతుంది. మా ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసే కళాకారులు పశువుల కొమ్ముని వేడిచేసి వంచే పద్ధతి చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

నీళ్లు మరిగించి దించండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పాళీనీ నాలుకనీ మెడలో సరైన స్థానంలో బిగించి, పాళీ వరకే నీళ్లలో ముంచండి. మెడ తడవకూడదు, నల్ల ఎబొనైటుకి వేడి నీళ్లు తగిలితే రంగు వెలిసి ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగుకి తిరుగుతుంది. అర నిమిషం ఉంచి తీసి, మడతపెట్టిన గుడ్డతో పాళీనీ నాలుకనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టండి. పాళీ భుజాల దగ్గర నొక్కండి, కొసల మీద కాదు. అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. వెలుతురు గీత పోయేదాకా రెండు మూడుసార్లు చెయ్యండి. కొవ్వొత్తి మంట మీద పెట్టేవాళ్లని చూశాను. నాలుక వంకర పోయి కాలువ కరిగిపోతుంది. ప్లాస్టిక్ నాలుక అయితే ఈ వేడికి పెద్దగా లొంగదు. దాన్ని మార్చడమే సుఖం.

రెండూ కలిసి తిరుగుతున్నాయా, తిప్పి చూసినా లోతుగా నెట్టినా నిలవడం లేదా? అప్పుడు నాలుక తోకని కొంచెం లావు చెయ్యాలి. నేను చపడా వాడతాను. వడ్రంగులు తలుపులకి పాలిష్ వెయ్యడానికి లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి పెట్టుకుంటారే, అదే. పాత పెన్నుల కీళ్లు అతికించడానికి కూడా లక్కే వాడేవారు. సన్నటి బ్రష్షుతో నాలుక తోక అడుగుభాగానికి, అంటే మెడలోపల దాగే భాగానికి మాత్రమే ఒక పలచటి పూత వెయ్యండి. పైన పాళీ కూర్చునే వైపున్న కాలువ మీద చుక్క కూడా పడకూడదు. రాత్రంతా ఆరనిచ్చి పెట్టి చూడండి. చాలకపోతే ఇంకో పూత. సూపర్ గ్లూకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది పెన్నుని అతికించదు, పూర్తిగా ఆరాక లావు మాత్రమే ఇస్తుంది. వద్దనుకుంటే నాలుకని బయటికి తీసి, స్పిరిట్ తడిపిన గుడ్డతో పూత ఉన్నచోట మాత్రం తుడిచేస్తే పోతుంది. కాలక్రమంలో అరుగుతుంది, మళ్లీ వేసుకోవాలి. గోళ్ల రంగు వేసుకోవచ్చా అని అడుగుతారు. దాంట్లోని ద్రావకం ప్లాస్టిక్‌ని తినేస్తుంది, నేనైతే వెయ్యను.

విడిభాగం కొనాల్సి వస్తే పాళీ ఒక్కటే కొనొద్దు, నాలుకతో జత కొనండి. మనవాళ్లు పాళీ పొడవు చెప్పి 35 మిల్లీమీటర్లది కావాలంటారు. పొడవుతోపాటు నాలుక మందం కూడా చూడాలి. సైకిల్ షాపువాళ్ల దగ్గరో, లేతు షాపులోనో వెర్నియర్ ఉంటే పాత నాలుక కొలిపించుకోండి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఒకటి దూరదు, ఇంకొకటి నిలవదు. బలవంతంగా దూర్చితే మెడ పగిలేది అప్పుడే.

తిరిగి బిగించేటప్పుడు పాళీ చీలిక నాలుక కాలువకి సరిగ్గా నడుమన ఉండాలి. నాలుక కొస పాళీ మొనకి మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక ఉంటే మామూలుగా సరిపోతుంది. నాలుక ముందుకి జరిపితే సిరా ఎక్కువగా, వెనక్కి జరిపితే తక్కువగా దిగుతుంది. చౌక కాగితం మీద రాసేవాళ్లు కొంచెం వెనక పెట్టుకుంటే మంచిది. బయటికి ఎంత ఉండాలన్నది మూతని బట్టి చూడాలి. మూత నెమ్మదిగా తిప్పుతూ, పాళీ లోపల తగులుతోందేమో చెవి పెట్టి వినండి. తగిలితే మొన పోయినట్టే. మెడా గొట్టమూ కలిసే మరల మీద సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. పాళీకి, నాలుకకి అంటకూడదు, గ్రీజు తగిలినచోట సిరా పారదు. వాసెలీన్ రాసే అలవాటు మా పెద్దవాళ్లకి ఉండేది. అది రబ్బరుని నాశనం చేస్తుంది.

సిరా మామూలు ఫౌంటెన్ పెన్ను సిరాయే పొయ్యండి, బ్రిల్ అయినా, కామెల్ అయినా. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు పోస్తే అందులో ఉండే లక్క నాలుక కాలువలో గడ్డకట్టి, ఇంత శ్రమా మళ్లీ మొదటికి వస్తుంది. పోశాక పాళీ కిందికి ఉంచి ఓ పావుగంట ఆగి, ఘ, ఝ, ఱ వరసగా ఒక పేజీ రాయండి. ఆ తర్వాత బొటనవేలితో మళ్లీ ఒకసారి నెట్టి చూడండి. ఇంకా కదులుతుంటే రంధ్రం మరీ అరిగిపోయింది. అది లేతు మీద కొత్త మెడ చెయ్యించాల్సిన పని. పెన్ను చేసే పనివాళ్ల దగ్గరికి పంపేటప్పుడు పాత పాళీ, నాలుక కూడా దాంతోపాటు పెట్టండి, వాటి కొలతకే వాళ్లు రంధ్రం వెయ్యాలి.