వాటర్ పంపు బోల్టులకు ఒక అట్టముక్క
ఎం.జి.బి. వంటి పాత స్పోర్ట్స్ కారులో వాటర్ పంపు కారడం మొదలైతే, చెన్నై ఎండలో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర కాసేపు నిలిచేసరికే ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది. పంపును విప్పడం పెద్ద కష్టం కాదు. దాని బోల్టులన్నీ ఒకే పొడవు కావు కనుక, తిరిగి బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియకపోవడమే చిక్కు.

అందుకని నేను ముందుగా ఒక అట్టముక్క మీద పంపు ఆకారం గీసుకొని, చల్లారిన ఇంజను నుంచి కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) దింపాక, తీసిన ప్రతి బోల్టునూ అట్టమీద అదే స్థానంలో గుచ్చుతున్నాను. పంపుకూ ఇంజనుకూ నడుమ కారకుండా ఆపే పలుచని పొరైన పాత గాస్కెట్‌ను ఆనవాలు లేకుండా గీకివేసి, కొత్తదానిని పలుచని గ్రీజు పూతతో పంపుకు అంటిస్తే, ఆ ఇరుకులో అమర్చేటప్పుడు అది పక్కకు జారదు. బోల్టులన్నిటినీ మొదట చేతితో పట్టించి, తరువాత ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పంపును తిప్పే ఫ్యాను బెల్టు పొడవైన వైపున నడుమ నొక్కితే సుమారు 13 మిల్లీమీటర్లు లొంగాలి. అంతకన్నా బిగువైతే కొత్త పంపులోని బేరింగు త్వరగా అరుగుతుంది.

పంపు ఆనే ఇంజను ముఖం తుప్పుపట్టి గుంటలు పడి ఉంటే మాత్రం గ్రీజు చాలదు, గాస్కెట్‌కు రెండు వైపులా పలుచగా సీలెంటు రాయవలసిందే.