పాత స్వెటర్‌తో కుషన్ కవర్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

బెంగళూరులో గట్టి చలి డిసెంబరు, జనవరి రెండు నెలలే, కానీ మన ఇళ్లలో బీరువా పై అరంతా స్వెటర్లే ఉంటాయి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం నలుగురం వాటితో కుషన్ కవర్లు, దిండు గలీబులు కుడుతున్నాం. మాకు ఎదురైన ఇబ్బందులు ఇవి.

కత్తెర పెట్టగానే అంచు ఊడిపోతోంది

స్వెటర్ నేత బట్ట కాదు, అల్లిక. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా సాగుతుంది కాబట్టి ఒకటి తెగితే పక్కవీ జారిపోతాయి. అందుకే కోశాక కాదు, కోయక ముందే కుట్టాలి: సుద్దతో గీత గీసి, దాని లోపలివైపు జిగ్‌జాగ్ కుట్టు రెండు వరసలు వేసి, అప్పుడు గీత మీద కత్తిరించండి.

వేడినీళ్లలో ఉతికినా బట్ట దట్టంగా బిగుసుకోవడం లేదు

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి పెనవేసుకుని, బట్ట కుంచించుకుపోయి, కోసినా ఊడని ముద్దలా తయారవుతుంది. మన దగ్గర చౌకగా దొరికే స్వెటర్లలో చాలావరకు యాక్రిలిక్, దానికి ఆ పొలుసులే లేవు, ఎన్నిసార్లు ఉతికినా అంతే. మెషిన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసిన ఉన్ని కూడా బిగుసుకోదు.

లేబుల్ చిరిగిపోయి ఉంటే లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. ఉన్నికి జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది.

యాక్రిలిక్ అని తేలితే ఇస్త్రీపెట్టెతో చాలా జాగ్రత్త. మా నాన్నగారి ఊదారంగు స్వెటర్‌కి నేను కాటన్ చీరకు పెట్టేంత వేడి పెట్టాను, అల్లిక అణిగిపోయి నిగనిగలాడే గుడ్డముక్కలా అయింది, ఆ మెత్తదనం మళ్లీ రాలేదు, ఇప్పటికీ బాధగానే ఉంది.

కుట్టు అలలు అలలుగా వస్తోంది

మిషన్ కింది పళ్లు అడుగు పొరను లాగుతాయి, పైన పాదం నొక్కి పట్టడంతో అల్లిక సాగిపోతుంది. పాదం ఒత్తిడి తగ్గించండి, కుట్టు పొడవు 3 మి.మీ. దాటించండి, బట్ట కింద పల్చటి తెల్లకాగితం పెట్టి కుట్టాక చింపేయండి. చేత్తో మాత్రం లాగకండి, సగం తప్పు అక్కడే జరుగుతుంది. కుట్లు మధ్యమధ్యలో తప్పిపోతుంటే అది సూది వల్ల, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, 14 నంబర్‌ది మార్చండి. చిక్‌పేట వైపు టైలరింగ్ సామాన్ల కొట్లలో అడిగి చూడండి.

నెలకే కవర్ వదులైపోయింది, లోపలి దూది కనిపిస్తోంది

16 అంగుళాల కుషన్‌కి కుట్టు పోగా 15 అంగుళాలు వచ్చేలా కత్తిరించండి. లోపల పాత దుప్పటి ముక్కతో లైనింగ్ వేయండి, స్వెటర్ రంగుకు దగ్గరగా ఉన్నది వెతకండి. ఈ ఒక్క పనితో రెండు సమస్యలూ తీరతాయి.

కలరా ఉండల వాసన పోవడం లేదు

కోసే ముందే ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు తీసి, గాలి తగిలే నీడలో పరిచి ఆరేయండి. జులై ముసురులో అయితే ఈ పని వాయిదా వేయండి, తడి ఆరక ముక్కవాసన కూడా తోడవుతుంది.

జిప్ కుట్టడం కుదరడం లేదు

సాగే బట్టకు జిప్ కష్టమే. బటన్లున్న స్వెటర్ అయితే దాని ముందు భాగాన్నే కవర్‌కి వెనకవైపుగా వాడండి, బటన్లు విప్పి కుషన్ తీసుకోవచ్చు.