పెద్ద కొమ్మను క్షేమంగా దించాలంటే

చెట్టు పనికి మనిషిని పిలిస్తే అందరూ ముందు చూసేది వాడి చేతిలో కోత మిషన్ (చైన్‌సా) ఉందా లేదా అనే. మిషన్ ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటుంది. నా దగ్గర పనికి చేరే కుర్రాణ్ణి మాత్రం మొదట "నీ తాడు చూపించు" అంటాను. తాడు మాసిపోయి, అక్కడక్కడా పోగులు లేచి ఉంటే ఆ రోజు వాణ్ణి చెట్టెక్కనివ్వను. కింద చెత్త లాగమంటాను.

నేను విశాఖపట్నంలో గొడ్డలి, చేతిరంపం, కొబ్బరిపీచు తాడుతో పని మొదలుపెట్టినవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఊళ్ళో రోడ్డుకు రెండువైపులా చెట్లు పడిపోయాయి. రంపం దొరికిన ప్రతివాడూ ఆ రోజుల్లో చెట్ల మేస్త్రీ అయిపోయాడు. అప్పుడు చూసినవన్నీ గుర్తుపెట్టుకునే ఇది చెబుతున్నాను.

ముందు కిందే నిలబడి చెట్టు చుట్టూ తిరగండి. మాను మొదట్లో పుట్టగొడుగులు లేచాయా? గొడ్డలి వీపుతో కొడితే డొల్ల మోత వస్తోందా? రెండు మానులు కలిసే చోట పగులుందా? ఎండిన కొమ్మ మీద కాలు పెట్టొద్దు, తాడూ వేయొద్దు. పచ్చిగా ఉన్నా నేరేడు, తురాయి కొమ్మల్ని నమ్మలేం. చింత చాలావరకు మోస్తుంది. ఇక మునగ సంగతి తెలిసిందే. "నీలాంటి పనివాడు ఈ ఊళ్ళో లేడు" అంటూ ఇంటాయన మనల్ని ఎక్కించాలని చూసేదీ ఆ చెట్టే. తేనెపట్టు ఉంటే పని ఆపి, దాన్ని తీసేవాళ్ళను పిలవండి.

కరెంటు తీగ దగ్గర్లో ఉంటే లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపడానికి అనుమతి) తీసుకుని, లైన్ ఆపి, ఆపినట్టు తన నోటితో చెప్పేదాకా చెట్టు ముట్టుకోవద్దు. "ఇప్పుడే ఫోన్ చేశాను, ఆపేస్తారు" అని ఇంటివాళ్ళు చెప్పే మాట లెక్కలోకి రాదు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది.

ఇక సామాను. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, కాలికి పట్టున్న బూట్లు, ఒంటికి ప్యాంటు. లుంగీతో మిషన్ పట్టుకునేవాడు నా పక్కన పని చేయడు. నడుముకూ తొడలకూ పట్టీలుండే హార్నెస్ వేసుకోవాలి. కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్ళ కాలిబంధం నిటారు చెట్టుకు బాగుంటుంది, కొమ్మల చెట్టులో అది అడ్డమే. తాటిచెట్టు మోకుతో పుట్టి పెరిగిన గీత కార్మికులకే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళకే అవసరమైంది మనకు అక్కర్లేదా? పైన రంపం ఆడించేటప్పుడు రెండు తాళ్ళతో కట్టుకోండి. పొరపాటున ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది.

అసలు కోత మూడుసార్లు జరగాలి. కొమ్మను ఒకేసారి పైనుంచి కోస్తే సగం తెగగానే బరువుకు విరిగి, అరటితొక్క ఊడినట్టు మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. అందుకే మానుకు ఒక అడుగు దూరంలో ముందు కిందివైపు నుంచి నాలుగో వంతు లోతు కోయండి. రంపం బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపాలి. దానికి రెండు మూడు అంగుళాలు బయటగా పైనుంచి రెండో కోత వేస్తే కొమ్మ శుభ్రంగా విరిగి పడుతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో తీసేయాలి. కొమ్మ మానులో కలిసే చోట ఉబ్బుగా ఒక మడత కనిపిస్తుంది. కోత ఆ మడతకు ఆనుకుని బయటే పడాలి. మడతను కోసేస్తే గాయం పెద్దదై మూసుకోదు, మొండి వదిలేస్తే అది కుళ్ళి కుళ్ళు లోపలికి పాకుతుంది. కోత మీద తారు, సిమెంటు, పెయింటు పూయమని అడుగుతారు. పూస్తే త్వరగా మానుతుందన్నది ఉత్త నమ్మకం. అంచుల నుంచి చెట్టే కొత్త బెరడు పెంచి మూసుకుంటుంది.

కింద రేకులో, గోడో, కారో ఉంటే కొమ్మను పడేయకూడదు, తాడుతో దించాలి. కొమ్మకు పైన, గట్టి పంగ మీదుగా తాడు వేసి, ఒక కొస కొమ్మకు కట్టి, రెండో కొసను మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి కిందివాడి చేతికివ్వండి. బరువంతా ఆ చుట్లే ఆపుతాయి. తాడును చేతికో నడుముకో చుట్టుకున్నవాణ్ణి కొమ్మ తనతోపాటు లాక్కుపోతుంది. మా బావమరిది నాకు కిందివాడు. నేను "కోస్తున్నా" అంటే వాడు "కొయ్యి బావా" అనాలి. అనకపోతే రంపం కదలదు.

మిషన్ సంగతి. కింద నేల మీద పెట్టి, బ్రేకు వేసి స్టార్ట్ చేయండి, చేతిలో ఊపుతూ కాదు. బ్లేడు కొస పైభాగం దేనికీ తగలకూడదు, తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. ఎప్పుడూ రెండు చేతులతోనే పట్టుకోవాలి. చైను పదునుగా ఉంటే చెక్క పేళ్ళు పేళ్ళుగా రాలుతుంది. పొడిలా రాలుతుంటే ఆకురాయి తీయాల్సిందే. మొద్దు చైనును బలంగా నొక్కి కోయడం ప్రమాదం. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకం చూసి కలపండి. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు.

తుఫానుకు పడిన చెట్టు వేరే లెక్క. వంగి బిగుసుకున్న కొమ్మలో టెన్షన్ ఉంటుంది. రెండు కొసలూ ఆని మధ్యలో వేలాడే కొమ్మను ముందు పైన కొంచెం కోసి, తర్వాత కిందినుంచి తెంపాలి. ఒక కొసే ఆని ఉంటే అందుకు తిరగేసి, ముందు కింద, తర్వాత పైన. వేళ్ళతో లేచిన మాను మహా చెడ్డది. మానును కోయగానే వేళ్ళ ముద్ద ఒక్కసారిగా వెనక్కి వాలి గుంతలో కూర్చుంటుంది. ఆ గుంతలో ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, లేరని చూసుకోండి.

"తుఫాను భయం, మొత్తం బోడి కొట్టేయ్" అని అడిగేవాళ్ళు చాలామంది. నేను ఒప్పుకోను. బోడి చేసిన చోట గుత్తులుగా వచ్చే కొత్త కొమ్మలకు మానులో పట్టుండదు, గాలికి ముందు విరిగేవి అవే. ఒక విడతలో నాలుగో వంతుకు మించి పచ్చదనం తీయొద్దు. చెట్టును మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది కాబట్టి, అటవీ శాఖ దగ్గరా మున్సిపాలిటీ దగ్గరా ఏ అనుమతి కావాలో ఇంటాయనే ముందుగా కనుక్కోవాలి.

కూలి మాట్లాడుకునేటప్పుడే కట్టెలు ఎవరివో, రెమ్మలు ఎవరు ఎత్తించాలో తేల్చుకోండి. నిద్రగన్నేరు కొమ్మ పైనున్నప్పుడు ఒక ట్రాక్టరుకు సరిపోతుందనిపిస్తుంది, కింద పరిస్తే రెండు కావాలి. రెండో ట్రాక్టరు కిరాయి ఎవరిదన్న గొడవ సాయంత్రం దాకా నడుస్తుంది.