వానాకాలంలో జలపాతం ఫొటోలకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

జలపాతం నిండుగా దూకే రోజులే ఫొటోలకు బాగుంటాయి, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాళ్లకు కాళ్ల దగ్గర నీరు పెరగడం కనిపించదు. అందుకే సెట్టింగ్‌లతో కుస్తీ అంతా నీటికి దూరంగా ఉన్నప్పుడే ముగించాలి.

రా ఫార్మాట్ (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ఫైల్), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టుకోండి. ఎఫ్/22కి వెళ్తే ఫొటో పదును తగ్గుతుంది. నీరు నురగలా మెత్తగా రావాలంటే షట్టర్ పావు సెకను నుంచి 1 సెకను వరకు తెరిచి ఉంటే చాలు. ఇంకా పెంచితే ధారల ఆకారం పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. 1/60 సెకను వచ్చే వెలుతురులో 6 స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే నల్ల అద్దం పెడితే దాదాపు 1 సెకను దొరుకుతుంది. ఫోకస్ మాత్రం ఫిల్టర్ బిగించకముందే చేసుకుని మాన్యువల్‌కు మార్చేయండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి అదురును సర్దే సదుపాయం) ఆపి, 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

నన్నడిగితే ఎన్‌డీ కంటే ముందు కొనాల్సింది పోలరైజర్ ఫిల్టర్. తడి రాళ్ల మీద, ఆకుల మీద మెరుపును అది తీసేసినట్టు ఏ ఎడిటింగూ తీయలేదు. మెల్లగా తిప్పుతూ చూస్తే రాయి అసలు రంగు తేలడం కళ్లముందే కనిపిస్తుంది.

చుట్టూ నల్లటి రాళ్లుంటే కెమెరా వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, నురగ తెల్లగా కాలిపోతుంది. అలా కాలిపోయిన చోట తర్వాత ఎంత లాగినా వివరం రాదు. ఎక్స్‌పోజర్ -0.7 దగ్గర మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) కుడి అంచు చూడండి, గ్రాఫ్ అక్కడ గుద్దుకుంటే నురగ కాలిపోయినట్టే.

మీరున్న చోట ఎండ కాస్తున్నా ఎగువన వాన పడుతూ ఉండొచ్చు. నీరు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ట్రైపాడ్ వదిలేసైనా సరే పైకి వచ్చేయండి. ఎగువన డ్యామ్ ఉంటే సైరన్ మోగగానే కదలాలి, ఇంకొక్క ఫొటో అనుకోవద్దు. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టొద్దు. ట్రైపాడ్ కాళ్లు పారే నీళ్లలో ఉంటే అదురుతాయి, ఆ ఫొటో ఎలాగూ పదునుగా రాదు.

తుంపర్లలో లెన్స్ మార్చకండి. ప్రతి షాట్‌కు ముందు అద్దం తుడవండి. కెమెరా లోపల తడిస్తే వెంటనే ఆపేసి బ్యాటరీ తీయండి, ఆన్ అవుతుందా అని నొక్కి చూడకండి.

ఎడిటింగ్‌లో పని తక్కువే. హైలైట్స్ (వెలుగు భాగాలు) దించి, షాడోస్ (నీడ భాగాలు) కొంచెం ఎత్తాలి. నీడలో తీసినవి నీలంగా వస్తాయి కాబట్టి టెంపరేచర్ (రంగుల వెచ్చదనం) కాస్త పెంచండి. క్లారిటీ (వివరాలను స్ఫుటం చేసే స్లైడర్) రాళ్లకే మాస్క్ చేసి, అంటే ఆ భాగం వరకే ఎంచుకుని ఇవ్వండి, నీటికిస్తే గరుకుగా తేలుతుంది. పొగమంచును తగ్గించే డీహేజ్ కూడా అంతే, ఎక్కువైతే తుంపర్ల పొగ మొత్తం మాయమైపోతుంది.