ట్రాక్ డేలో ఆయిల్ వేడి: నా కారుతో నేను నేర్చుకున్న లెక్క

నెల్లూరులో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే, తడ దగ్గర ఒక టీ తాగినా, ఏడింటికల్లా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని రేస్ ట్రాక్, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ గేటు ముందు ఉంటాను. ట్రాక్ డే అంటే మన సొంత కారును రేస్ ట్రాక్ మీద విడతల వారీగా, అంటే సెషన్లుగా, నడుపుకునే రోజు. మొదటిసారి వెళ్లినప్పుడు టైర్లలో గాలి, బ్రేక్ ఫ్లూయిడ్, హెల్మెట్ అన్నీ చూసుకున్నాను. ఆయిల్ సంగతి మాత్రం తట్టనే లేదు. మూడో సెషన్‌లో ఒక పొడవాటి మలుపు మధ్యలో ఆయిల్ ప్రెషర్ లైటు ఒక్కసారి మినుక్కుమంది. టెంపరేచర్ సూది మాత్రం కదల్లేదు, సరిగ్గా మధ్యలో ఉంది.

ఊరికి వచ్చాక మా మెకానిక్ డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల) తీసి చూశాడు. ఆయిల్ కింది గీతకు కాస్త పైన ఉంది. "సూది మధ్యలో ఉంటే బండి సల్లగా ఉన్నట్టేనా? అది నీళ్ల సూది గదన్నా!" అన్నాడు. తప్పు బండిది కాదు, పూర్తిగా నాది.

డ్యాష్‌బోర్డులో కనిపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే నీళ్ల వేడి. పైగా చాలా కార్లలో ఆ సూది నిజం మొత్తం చెప్పదు. కూలెంట్ 80 డిగ్రీల్లో ఉన్నా, 100 డిగ్రీల్లో ఉన్నా, నడిపేవాడికి టెన్షన్ లేకుండా మధ్యలోనే నిలబడేలా అమర్చి ఉంటుంది. ఆయిల్ దారి వేరు. అది కూలెంట్ కంటే నిదానంగా వేడెక్కుతుంది, కానీ ట్రాక్ మీద కూలెంట్‌ను దాటి చాలా పైకి పోతుంది.

వేడెక్కితే ఏమవుతుందో ఆముదం కాచిన వాళ్లకు చెప్పక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు తీగలా సాగేది, కాగాక నీళ్లలా జారుతుంది. (అన్నట్టు, ఒకప్పుడు రేసు ఇంజిన్లలో ఆముదమే పోసేవారు. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదం ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ ఆయిల్ నుంచి వచ్చిందే.) 5డబ్ల్యూ-40 గ్రేడు ఇంజిన్ ఆయిల్‌కు 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం 130కి వచ్చేసరికి సగానికి దగ్గరగా పడిపోతుంది. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌కూ, దాన్ని మోసే బేరింగులకూ మధ్య ఉండే పలుచటి ఆయిల్ పొర ఇంకా పలచనవుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. దానికి తోడు మలుపులో ఆయిల్ అంతా సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చిందంటే, ఆ రోజు నాకు కనిపించిన లైటే కనిపిస్తుంది. బేరింగు పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాబట్టి ముందు ఆ అంకె కనిపించే ఏర్పాటు చేసుకోండి. కొన్ని కార్లలో డిస్‌ప్లే మెనూలోనే ఆయిల్ టెంపరేచర్ ఉంటుంది. లేకపోతే ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూడొచ్చు. అయితే కొన్ని బళ్లు ఈ అంకె ఇవ్వవు. కొన్నింటిలో అది సెన్సర్ చెప్పింది కాదు, కంప్యూటర్ లెక్కగట్టింది. రెండూ కుదరకపోతే ఆయిల్ ఫిల్టరుకూ ఇంజిన్‌కూ మధ్య ఇరికించే సాండ్‌విచ్ ప్లేటు వేయించి గేజ్ పెట్టించుకోవాలి. సెన్సర్ సంపులో ఉంటే ఒక అంకె, ఫిల్టర్ దగ్గరుంటే ఇంకో అంకె వస్తుంది. పక్కవాడి కారుతో పోల్చుకుని కంగారు పడొద్దు.

నాది రెండు లీటర్ల టర్బో పెట్రోల్, ఫుల్లీ సింథటిక్ ఆయిల్. ఆయిల్ 80 డిగ్రీలు వచ్చేదాకా 3,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటను. 100 నుంచి 120 వరకు ఆలోచించకుండా నడుపుతాను. 125 కనిపిస్తే ప్రతి ల్యాప్‌లో స్ట్రెయిట్ మీద ఒకసారి చూస్తాను, మలుపులో ఎప్పుడూ చూడను. 130 అయితే తగ్గిస్తాను. 135 అయితే ఎంత బాగా నడుస్తున్నా సరే, ఆ సెషన్ అయిపోయినట్టే. 130కే ఎందుకంటే, మనం తగ్గించాలనుకున్నాక కూడా అంకె ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. మీ ఇంజిన్‌కు ఈ లెక్క వేరుగా ఉండొచ్చు, మాన్యువల్ చూసుకోండి.

తగ్గించడమంటే బ్రేకులు ముందే తొక్కి పాకుతూ పోవడం కాదు. ఆయిల్‌ను ఎక్కువగా కాచేది ఆర్‌పీఎం. నేను గేరు 800 ఆర్‌పీఎం ముందే మార్చేస్తాను, రెండో గేరు మలుపును మూడో గేరులో తీసుకుంటాను. ల్యాప్ టైము పోయేది కొంచెమే, వేడి మాత్రం దిగుతుంది. ముందు కారును అంటుకుని పోకండి, దాని వేడిగాలంతా మీ రేడియేటర్‌కే. ఏసీ కట్టేయండి. మరీ ఇబ్బందైతే హీటర్ ఫుల్‌గా పెట్టి, బ్లోయర్ తిప్పండి. కూలెంట్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఆయిల్‌ను కూలెంటుతో చల్లబరిచే ఇంజిన్లలో ఆయిల్‌కూ అది మేలు చేస్తుంది. మే నెలలో హీటర్ పెట్టుకుని నడిపితే స్నానం చేసినట్టుంటుంది, అది వేరే సంగతి. అందుకే నేను జనవరి, ఫిబ్రవరి ట్రాక్ డేలకే ఎక్కువ వెళ్తాను.

అన్నిటికంటే పనికొచ్చేది ఆఖరి ల్యాప్. కొత్తవాళ్లు సెషన్ అయిపోయిందని చూపే చెకర్డ్ ఫ్లాగ్ చూసి నేరుగా ప్యాడాక్‌లోకి (కార్లు నిలిపే చోటు) వచ్చి ఇంజిన్ ఆపేస్తారు. ఒక ల్యాప్ మొత్తం పై గేరులో, బ్రేకు దాదాపు తాకకుండా, మెల్లగా తిరిగి రండి. వెనకవాళ్లను చేత్తో సైగ చేసి ముందుకు పోనివ్వండి. కదులుతున్న కారుకు తగిలే గాలి చేసే పని, నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే ఫ్యాన్ చేయలేదు. ఆ ల్యాప్ బాగా తిరిగితే, లోపలికి వచ్చాక ఒక నిమిషం ఐడ్లింగ్ చాలు. తిరక్కుండా ఆపేస్తే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఆపాక బానెట్ ఎత్తండి, బ్రేకులు కాగి ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి.

పది నిమిషాలాగి, సమతలం మీద డిప్‌స్టిక్ చూడండి. ప్రతి సెషన్ తర్వాతా చూడాలి. పై గీత దగ్గర ఉంటే మంచిది, గీత దాటించొద్దు. ఎక్కువ పోస్తే క్రాంక్ చిలికి నురగ తెప్పిస్తుంది. మజ్జిగకు నురగ బాగుంటుంది, బేరింగులకు కాదు. అదే ఆయిల్ లీటరు డబ్బా డిక్కీలో ఉంచుకుంటాను. ఒక్క రోజులో అర లీటరు పోసిన సందర్భాలున్నాయి.

ఆయిల్‌ను గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్, అంటే ఆయిల్ కూలర్ గురించే అందరూ ముందు అడుగుతారు. నేను దాన్ని చివర వేయించాను. అంతకు ముందు బంపరుకూ రేడియేటరుకూ మధ్య ఉన్న సందులను ఫోమ్‌తో మూశాను. లోపలికి వచ్చిన గాలి పక్కనుంచి తప్పించుకోకుండా రేడియేటర్‌లోంచే పోవాలి. దానికే నా కారులో నాలుగైదు డిగ్రీలు తగ్గింది. కూలర్ వేయిస్తే థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే కూలర్‌లోకి వదిలే కవాటం) ఉన్న ప్లేటే తీసుకోండి, లేకపోతే చలికాలం పొద్దున హైవే మీద ఆయిల్ వేడెక్కనే ఎక్కదు. హోసులు ఎక్కడా రాసుకోకుండా చూసుకోండి. ఆ పైపు తెగి వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడిందంటే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి డిప్‌స్టిక్ తీస్తాను, ప్లేటు చుట్టూ టార్చి వేసి తడి ఉందేమో చూస్తాను. ఆ వారంలోనే ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తాను. పది వేల కిలోమీటర్లకు మార్చమన్న మాట రోడ్డు మీద తిరిగే బండికి. మా మెకానిక్ పాత ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఫిల్టర్ కోసి మెరుపు రేణువులు ఉన్నాయేమో వెతుకుతాడు. కిందటిసారి ఏమీ కనపడలేదు. "ఈసారి మెల్లగా తోలినట్టుండావే" అన్నాడు. నిజానికి ఆ రోజు నా ల్యాప్ టైము అంతకు ముందుకంటే రెండు సెకన్లు తక్కువ.