రేడియో పలకదు, దిక్సూచి నిలవదు: తెరచాప పడవలో లోపం ఎక్కడ వెతకాలి?

కొత్తగా బిగించిన రేడియో లేదా నావిగేషన్ పరికరం మొరాయిస్తే అందరి అనుమానం ముందు పెట్టె మీదికే పోతుంది. నిజానికి పెట్టె చెడిపోవడం అరుదు. చెడేది దానికి వెళ్లే తీగ, ఆ తీగ చివరి బిగింపు. అందుకే సెట్టు విప్పే ముందు మల్టీమీటర్ తీయండి.

వినిపిస్తుంది, మాట్లాడబోతే ఆగిపోతుంది

మాట్లాడేందుకు మైకు మీట నొక్కగానే తెర మసకబారడం, సెట్టు ఆగి మళ్లీ మొదలవడం దీని లక్షణాలు. వీహెచ్‌ఎఫ్ (పడవలు మాట్లాడుకునే రేడియో) సెట్టు వినేటప్పుడు తీసుకునే కరెంటు చాలా తక్కువ. 25 వాట్లతో పంపేటప్పుడు మాత్రం 5, 6 ఆంపియర్లు లాగుతుంది. అసలు పరీక్ష అప్పుడే. బ్యాటరీ నుంచి సెట్టు 5 మీటర్ల దూరంలో ఉంటే తీగ రానూ పోనూ 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 6 ఆంపియర్ల దగ్గర 0.7 వోల్టు దారిలోనే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది పావు వోల్టు. 12 వోల్టుల మీద 3 శాతం, అంటే 0.36 వోల్టు దాటకుండా చూసుకోవాలి.

స్విచ్‌బోర్డు దగ్గర 12.6 కనబడిందని సంతోషించవద్దు. సెట్టు వెనక, మీట నొక్కి ఉంచి కొలవండి. (దీనికి 16వ ఛానల్ వాడకండి, అది ఆపద పిలుపులది. యాంటెన్నా తీసేసి కూడా నొక్కకండి.) వోల్టేజీ పడిపోతుంటే మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోదాన్ని సెట్టు నెగెటివ్ మీద పెట్టి మళ్లీ నొక్కండి. మీటర్ చూపినదంతా నెగెటివ్ దారిలో పోతున్నదే. పాజిటివ్ వైపు ఫ్యూజులు, స్విచ్చులు ఉంటాయి కాబట్టి అందరూ అటే వెతుకుతారు. అడుగున తేమలో చిలుము పట్టిన నెగెటివ్ బస్‌బార్ (తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) సంగతి ఎవరికీ గుర్తుండదు.

దగ్గరివారికే వినిపిస్తుంది

ఇక్కడ నిందితుడు కోయాక్సియల్ కేబుల్, అంటే యాంటెన్నానూ సెట్టునూ కలిపే తీగ. తెరచాప స్తంభం కొనన ఉన్న యాంటెన్నా నుంచి సెట్టు దాకా 23 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 వేస్తే 25 వాట్లలో సగానికి పైగా కేబులే మింగేస్తుంది, పైకి చేరేది 9 వాట్ల లోపే. లావైన ఆర్‌జీ-213 అయితే సుమారు 15 వాట్లు చేరతాయి. కొత్తగా వేస్తున్నవారు ఈ ఖర్చుకు వెనకాడకూడదు. స్తంభం దింపే అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

కేబుల్ సరైనదే అయినా నీరు చేరితే అంతే. రెండు చివర్లూ విడదీసి మధ్య తీగకూ పైఅల్లికకూ నడుమ ఓమ్‌లు కొలవండి. ఏ రీడింగూ రాకూడదు. తర్వాత కొన దగ్గర తొడుగు కొంచెం ఒలిచి చూడండి. అల్లిక నల్లబడి ఉంటే మెరుపు కనబడే దాకా కోసుకుంటూ పోవాలి. ఎంత కోసినా నలుపే అయితే మొత్తం మార్చక తప్పదు. కొత్త కనెక్టర్‌కు టంకం పెట్టి, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. నీరు పల్లమెరుగు కాబట్టి కేబుల్ డెక్కులోకి దిగేముందు కిందికి ఒక వంపు వదలండి. చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

పంపిన శక్తిలో ఎంత యాంటెన్నా నుంచి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌లో 1.5 వస్తే బాగున్నట్టు, 3 దాటితే లోపం ఉన్నట్టు. అయితే ఒక తిరకాసు: శక్తిని తినేసే పాత కేబుల్, తిరిగొచ్చే శక్తినీ తినేస్తుంది. అందుకే కింద కొలిస్తే యాంటెన్నా పాడైనా అంకె అందంగానే కనబడవచ్చు. అనుమానం ఉంటే పైన కొలవాలి.

రాత్రిపూట ఏఐఎస్‌లో ఓడలు మాయం

చుట్టుపక్కల ఓడల స్థానాన్ని రేడియో ద్వారా అందుకుని తెర మీద చూపేది ఏఐఎస్. అవి రాత్రి మాయమైతే స్తంభం మీది ఎల్‌ఈడీ దీపాన్ని అనుమానించండి. దానిలోని సర్క్యూట్ వెదజల్లే రొద వీహెచ్‌ఎఫ్‌నూ ఏఐఎస్‌నూ కప్పేస్తుంది. అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లో దీనిమీద హెచ్చరిక కూడా జారీ చేసింది. దీపాలన్నీ ఆర్పి, ఖాళీ ఛానల్‌లో స్క్వెల్చ్‌ను (రొదను అణచే నాబ్) రొద అప్పుడే ఆగిన చోట నిలపండి. దీపం వేయగానే రొద మళ్లీ మొదలైతే దొంగ దొరికినట్టే. రేడియో తరంగాల పరీక్ష నెగ్గిన దీపం కొనడమే నిలిచే మందు.

ఎన్‌ఎంఈఏ 2000లో పరికరాలు వస్తూ పోతూ ఉంటే

పడవలోని పరికరాలన్నీ ఒకే ప్రధాన కేబుల్ మీద సమాచారం పంచుకునే పద్ధతి ఇది. కరెంటు ఆపి, రెండు డేటా తీగల మధ్య కొలవండి. 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ (కేబుల్ కొసన బిగించే నిరోధకం) లేదు, 40 వస్తే ఒకటి ఎక్కువుంది. టెర్మినేటర్లు ప్రధాన కేబుల్ రెండు కొసలకే ఉండాలి. దాన్నుంచి పరికరానికి వెళ్లే కొమ్మ 6 మీటర్లు మించరాదు.

దీనికి ముందున్న ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతి పాత తీగలైతే, రేడియోకు స్థానం అందకపోవడానికి కారణం సాధారణంగా తారుమారైన ఎ, బి తీగలు, లేదా కుదరని సమాచార వేగం: సెకనుకు జీపీఎస్‌కు 4800 బిట్లు, ఏఐఎస్‌కు 38400. స్థానం కనబడుతున్నా డీఎస్‌సీ పిలుపు (మీట నొక్కితే రేడియో డిజిటల్‌గా పంపే పిలుపు) వెళ్లకపోతే మీ పడవను గుర్తించే 9 అంకెల ఎంఎంఎస్‌ఐ నంబరు ఎక్కించారో లేదో చూడండి. చాలా సెట్లలో ఒకసారి వేసిన నంబరును యజమాని మార్చలేరు, ప్రతి అంకె సరిచూసుకునే నొక్కండి.

ఆటోపైలట్ ఉన్నట్టుండి పక్కకు తిప్పుతుంది

పడవను కట్టేసి ఉంచి, దిక్సూచి సెన్సార్ అంకెను చూస్తూ ఒక్కో పరికరాన్నే ఆన్ చేయండి. ఏదో ఒకదానితో అంకె కదులుతుంది. స్పీకర్ అయస్కాంతమైతే దాన్ని మీటరు దూరం జరపండి. కరెంటు తీగలైతే పాజిటివ్, నెగెటివ్ రెండూ మెలివేయండి, వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. పక్క అరలో పెట్టిన పనిముట్ల పెట్టె వల్ల కూడా ఇలా జరుగుతుంది. అన్నీ జరిపాక నిశ్చలమైన నీటిలో పడవను నెమ్మదిగా గుండ్రంగా తిప్పి సెన్సార్‌ను మళ్లీ సరిచేయండి.