నోట్‌బుక్‌లో 99 శాతం, డెమోలో బోల్తా: ఎక్కడ వెతకాలి?

మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు రివ్యూ దగ్గర పడుతుంటే వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "టెస్ట్ యాక్యురసీ 99 వచ్చింది, కొత్త డేటా ఇస్తే అన్నీ తప్పు చెబుతోంది, మోడల్ మార్చమంటారా?" వద్దు. మోడల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లేయర్లు పెంచుతారు, లెర్నింగ్ రేటు తగ్గిస్తారు, రాత్రంతా జీపీయూ తిప్పుతారు. పొద్దున లేచి చూస్తే నోట్‌బుక్‌లో (కోడ్ రాసి నడిపే పేజీలో) అదే 99, డెమోలో అదే బోల్తా. కొందరైతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు సెన్సార్ మీదికి నెపం నెట్టి కొత్త సెన్సార్ తెప్పిస్తారు.

మోడల్ ట్రైన్ చేయడం, కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చదవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందు ఈ ఒక్క పని చేయండి

ట్రైనింగ్‌లో వాడిన ఫైళ్లలోంచే క్లాసుకు (మోడల్ చెప్పాల్సిన ఒక్కో రకానికి) ఒకటి చొప్పున తీసి డెమో కోడ్‌కు ఇవ్వండి. కొత్తవి కాదు, పాతవే. రెండు నిమిషాల పని. ఇది చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేసి ఉంటే సగం మంది రావాల్సిన అవసరమే ఉండేది కాదు.

పాత ఫైలుకు కూడా తప్పు చెబితే తేడా డెమో కోడ్‌లో ఉంది. పాతదానికి సరిగ్గా చెప్పి, కొత్తదానికే తప్పు చెబితే తేడా మీ డేటాలో, దాన్ని మీరు ట్రైనింగ్‌కు, టెస్ట్‌కు విడగొట్టిన తీరులో ఉంది. ఈ రెండు దారులూ వేరు. ఏ దారిలో ఉన్నామో తెలియకుండా వెతకడమంటే పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమే.

పాత ఫైలుకే తప్పు చెబుతోంది

ట్రైనింగ్‌లో డేటాకు చేసిన ముస్తాబు, డెమోలో చేసినది ఒకటి కాదు. ఫొటోలైతే ముందు రంగులు చూడండి. ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ బొమ్మను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో చదువుతుంది, పిల్లో అనే లైబ్రరీ ఎరుపు నుంచి మొదలుపెడుతుంది. ఒకదానితో ట్రైన్ చేసి ఇంకోదానితో డెమో చేస్తే మోడల్‌కు ఎర్ర టమాటా నీలంగా కనబడుతుంది. తర్వాత 255తో భాగించడం (పిక్సెల్ విలువలను 0, 1 మధ్యకు తేవడం). అక్కడ చేసి ఇక్కడ మర్చిపోతారు. ఫోల్డర్ పేర్ల నుంచి క్లాసులు తీసుకుంటే వాటి వరుస కూడా చూడండి. పేర్లు అక్షరాల లెక్కన వరుసలో వస్తాయి కాబట్టి "10" అనే ఫోల్డర్ "2" కంటే ముందుంటుంది. మోడల్ సరిగ్గానే చెబుతోంది, మీరు పేరు తప్పు చదువుతున్నారు.

ఒకే ఫైలు రెండుసార్లు ఇస్తే రెండు జవాబులు వస్తున్నాయా? పైటార్చ్ లైబ్రరీలో మోడల్‌ను ఇవాల్ మోడ్‌లో (పరీక్ష మోడ్‌లో) పెట్టలేదు, డ్రాపవుట్ (ట్రైనింగ్‌లో కొన్ని న్యూరాన్లను యాదృచ్ఛికంగా ఆపేసే పద్ధతి) ఇంకా పనిచేస్తోంది. ఒక్క లైను రాస్తే అయిపోతుంది.

సెన్సార్ డేటాలో రెండు విషయాలు. డెమోలో స్కేలర్‌ను (విలువలను సగటు, విచలనాలతో ఒకే కొలతకు తెచ్చేదాన్ని) కొత్త ఫైలు మీద మళ్లీ ఫిట్ చేయకండి. ఉదాహరణకు మోటార్ బేరింగ్‌ల ప్రాజెక్టు అయితే, అరిగిన బేరింగ్ ఎక్కువగా కంపిస్తుంది, మోడల్‌కు ఉన్న పెద్ద ఆధారాల్లో అదొకటి. ప్రతి ఫైలునూ దాని సొంత సగటుతో, సొంత విచలనంతో సరిచేస్తే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది. ట్రైనింగ్‌లో వచ్చిన విలువలనే సేవ్ చేసి వాడాలి. ఇక రెండోది శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని కొలతలన్నది. సెన్సార్ బోర్డు మీద సెకనుకు 12,000 అని రాసుకుంటారు, కంప్యూటర్‌కు డేటా పంపే సీరియల్ లైను అంత వేగంగా పంపలేక మధ్యలో శాంపిళ్లు పోతుంటాయి. పది సెకన్లు రికార్డ్ చేసి, వచ్చిన వరుసలు లెక్కపెట్టండి. 1,20,000కు దగ్గరగా లేకపోతే మీ ఫ్రీక్వెన్సీలన్నీ జరిగిపోయినట్టే. ఈ పరీక్ష మాత్రం పాత ఫైలుతో బయటపడదు, బోర్డు తగిలించే చూడాలి.

పాతదానికి సరిగ్గా, కొత్తదానికి తప్పు

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. నాది బేరింగ్ లోపాలు కనిపెట్టే ప్రాజెక్టు. 12 బేరింగ్‌లు: మంచివి నాలుగు, లోపలి రేసులో (గుండ్లు తిరిగే రింగులో) లోపం ఉన్నవి నాలుగు, బయటి రేసులో లోపం ఉన్నవి నాలుగు. ఒక్కో దాన్ని మోటార్‌కు బిగించి సెకనుకు 12,000 శాంపిళ్ల చొప్పున పది సెకన్లు రికార్డ్ చేశాను. అంత పొడవు సిగ్నల్‌ను మోడల్‌కు ఇవ్వలేం కాబట్టి 1,024 శాంపిళ్ల విండోలుగా కోశాను. డేటా పెరుగుతుందని విండోలను సగం సగం ఓవర్‌ల్యాప్ చేశాను. ఒక్కో ఫైలుకు 233 విండోలు, మొత్తం 2,796. అన్నీ కలిపి, షఫుల్ చేసి, 80 శాతం ట్రైనింగ్‌కు, 20 శాతం టెస్ట్‌కు విడగొట్టాను. 99 వచ్చింది. గైడ్ భుజం తట్టారు. డెమో రోజు పదమూడో బేరింగ్ బిగించారు. కొత్తది, కవరు అప్పుడే విప్పినది. మోడల్ నిమిషం పాటు ఆగకుండా "బయటి రేసు లోపం" అని చెప్పింది.

అప్పుడు కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. మీరూ వేయండి. సగం ఓవర్‌ల్యాప్ అంటే ప్రతి విండో మొదటి సగం దాని ముందు విండోలోనూ ఉంటుంది, రెండో సగం తర్వాతి విండోలోనూ ఉంటుంది. షఫుల్ చేసి విడగొడితే ఒక్కో విండో ట్రైనింగ్‌లోకి వెళ్లే అవకాశం 80 శాతం. అంటే టెస్ట్‌లో ఉన్న ఒక విండోకు ఇరుగూ పొరుగూ రెండూ ట్రైనింగ్‌లో ఉండే అవకాశం 0.8 × 0.8, అంటే 64 శాతం. నా టెస్ట్ విండోల్లో దాదాపు మూడింట రెండు వంతులు మోడల్ అప్పటికే పూర్తిగా చూసినవే. కనీసం సగమైనా చూసినవి 96 శాతం. ఇక 99 రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఓవర్‌ల్యాప్ తీసేస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. తీసేసి చూస్తే 98 వచ్చింది. ఎందుకంటే అసలు దొంగ ఓవర్‌ల్యాప్ కాదు, బేరింగ్. ఒక్కో దాన్ని బిగించిన తీరులో, సెన్సార్ అంటించిన చోటులో, షాఫ్ట్ పక్కకు ఒరిగిన కాస్త వంకరలో దానికంటూ ఒక ముద్ర ఉంటుంది. ట్రైనింగ్‌లో ఏడో నంబర్ బేరింగ్ ముక్కలున్నాయి, టెస్ట్‌లోనూ ఏడో నంబర్ ముక్కలే ఉన్నాయి. మోడల్‌కు లోపం అంటే ఏమిటో తెలియాల్సిన పని లేదు. "ఇది ఏడోది, ఏడోది బయటి రేసు" అని గుర్తుపడితే చాలు. నా దగ్గర ఉన్నవి 2,796 నమూనాలని థీసిస్‌లో రాసుకున్నాను. నిజానికి ఉన్నవి 12.

మీ దగ్గర ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడానికి నేను ఇప్పుడు అందరి చేతా చేయించే పరీక్ష ఒకటుంది. లేబుళ్లను బేరింగ్‌ల వారీగా తారుమారు చేయండి. విండోల వారీగా కాదు, బేరింగ్‌ల వారీగా. మూడో బేరింగ్ మంచిదైనా దానికి "లోపలి రేసు" అని పేరు పెట్టండి, దాని విండోలన్నిటికీ అదే పేరు. ఇలా పన్నెండింటికీ చీటీలు తీసినట్టు పంచి, మీ పాత స్ప్లిట్‌తోనే మళ్లీ ట్రైన్ చేయండి. ఇప్పుడు లేబుళ్లకు అర్థం లేదు కాబట్టి యాక్యురసీ బాగా పడిపోవాలి. నాకు 97 వచ్చింది. అర్థం లేని లేబుళ్లను 97 శాతం సరిగ్గా చెప్పిందంటే అది బేరింగ్‌లను పేరుపేరునా గుర్తుపడుతోందన్నమాట. రెండు మూడుసార్లు చీటీలు మార్చి చేయండి, అనుమానం మిగలదు.

పరిష్కారం: విడగొట్టేది విండోలను కాదు, బేరింగ్‌లను. ముందు బేరింగ్‌లను విడగొట్టండి, ఆ తర్వాతే విండోలు కోయండి. సైకిట్-లెర్న్ లైబ్రరీలో దీనికి గ్రూప్‌షఫుల్‌స్ప్లిట్, గ్రూప్‌కేఫోల్డ్ ఉన్నాయి. క్లాసుల పాళ్లు కూడా కాపాడుకోవాలంటే స్ట్రాటిఫైడ్‌గ్రూప్‌కేఫోల్డ్ ఉంది. ప్రతి విండో పక్కన అది ఏ బేరింగ్‌దో నంబర్ రాసిన కాలమ్ పెట్టుకుని, దాన్ని గ్రూప్స్ అనే చోట ఇవ్వాలి. మామూలు ట్రైన్-టెస్ట్-స్ప్లిట్‌లో స్ట్రాటిఫై పెట్టాం కదా అంటారు కొందరు. అది క్లాసుల పాళ్లు మాత్రమే చూస్తుంది, బేరింగ్ సంగతి దానికి తెలియదు. ఇంకో చిన్న మెలిక: గ్రూప్‌షఫుల్‌స్ప్లిట్‌లో టెస్ట్ సైజ్ 0.25 అంటే విండోల్లో పావు వంతు కాదు, బేరింగ్‌లలో పావు వంతు. విడగొట్టాక రెండు వైపులా ఉన్న బేరింగ్ నంబర్ల సెట్లు తీసి వాటి ఇంటర్‌సెక్షన్ ప్రింట్ చేయండి. ఖాళీ సెట్ రావాలి. ఆ ప్రింట్‌ను కోడ్‌లోంచి తీసేయకండి, అలాగే ఉంచండి.

ఫైళ్ల వారీగా విడగొడితే చాలదా? ఒక్కో బేరింగ్‌కు ఒకే ఫైలు ఉంటే చాలు. కానీ చాలామంది వాడే కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ బేరింగ్ డేటానే చూడండి. అందులో ఒకే లోపమున్న బేరింగ్‌ను 0 నుంచి 3 హార్స్‌పవర్ వరకు నాలుగు లోడ్ల దగ్గర రికార్డ్ చేశారు. మూడు లోడ్లు ట్రైనింగ్‌కు, నాలుగోది టెస్ట్‌కు పెట్టి "కొత్త పరిస్థితిలో పరీక్షించాం" అని రాస్తుంటారు. లోడ్ కొత్తదే, బేరింగ్ పాతదే. లోపం సైజు మార్చి పరీక్షిస్తే, అంటే 0.007, 0.014 అంగుళాల లోపాలతో ట్రైన్ చేసి 0.021తో టెస్ట్ చేస్తే, అసలు రంగు తెలుస్తుంది.

మీ ప్రాజెక్టు బేరింగ్‌ల మీద కాకపోవచ్చు. గ్రూప్, అంటే విడగొట్టకుండా ఒకే వైపు ఉంచాల్సినది, ఏమిటన్నది మీరే పట్టుకోవాలి. ఈసీజీ అయితే రోగి. వీడియో ఫ్రేములైతే ఆ వీడియో. పెద్ద ఫొటోను ముక్కలు చేశారంటే ఆ ఫొటో. ముందే తిప్పి, అద్దంలో చూపినట్టు మార్చి బొమ్మలు పెంచారంటే అసలు బొమ్మ, దాని నకళ్లన్నీ ఒకే గ్రూపు. రేపటి విద్యుత్ వాడకం ఊహించే పనైతే షఫుల్ మాటే ఎత్తకూడదు, తేదీ దగ్గర గీత గీసి ముందువి ట్రైనింగ్‌కు, తర్వాతవి టెస్ట్‌కు.

ఇదే జాతి తప్పులు ఇంకొన్ని. స్కేలర్‌ను మొత్తం డేటా మీద ఫిట్ చేసి తర్వాత విడగొట్టడం తప్పే కానీ సాధారణంగా దానివల్ల వచ్చే తేడా కొద్దిగానే. స్మోట్‌తో (తక్కువగా ఉన్న క్లాసుకు కృత్రిమ నమూనాలు తయారుచేసే పద్ధతితో) డేటా పెంచి తర్వాత విడగొట్టడం పెద్ద తప్పు, ఎందుకంటే అది ఉన్న పాయింట్ల మధ్యలో కొత్త పాయింట్లు పుట్టిస్తుంది, అవి అటూ ఇటూ చెల్లాచెదురవుతాయి. మొత్తం డేటా చూసి ఫీచర్లు (మోడల్ చూసే కొలతలు) ఏరుకోవడం ఇంకా ప్రమాదం. నమూనాలు తక్కువగా, ఫీచర్లు వేలల్లో ఉంటే ఉత్త నాయిస్ మీద కూడా మంచి యాక్యురసీ వచ్చేస్తుంది. అన్నిటినీ పైప్‌లైన్‌లో (అంచెలన్నీ వరుసగా కట్టిన కోడ్‌లో) పెట్టి ట్రైనింగ్ భాగం మీదే నడపండి.

గ్రూప్ స్ప్లిట్‌కు కూడా దొరకనిది ఒకటి చూశాను. ఒక విద్యార్థి బేరింగ్‌ల వారీగానే విడగొట్టాడు, 95 వచ్చింది, అయినా డెమోలో తప్పు. ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గ్రాఫ్) గీసి చూస్తే లోపమున్న రికార్డింగులన్నిటిలో 50 హెర్ట్జ్ (మన కరెంటు ఫ్రీక్వెన్సీ) దగ్గర సన్నటి ముల్లు, మంచివాటిలో లేదు. మంచివాటిని ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డ్ చేశాడు, లోపమున్నవాటిని మర్నాడు చార్జర్ పెట్టి రికార్డ్ చేశాడు. మోడల్ కనిపెట్టింది చార్జర్‌ను. దీనికి కోడ్‌లో మందు లేదు. ఒక మంచిది, ఒక చెడ్డది మార్చి మార్చి ఒకే రోజు, ఒకే అమరికలో మళ్లీ రికార్డ్ చేసుకోవాలి.

సరిచేశాక యాక్యురసీ పడిపోయింది

పడుతుంది. నాది 99 నుంచి 71కి పడింది. గైడ్‌కు ఏం చెప్పాలా అని రెండు రోజులు టెన్షన్. చివరికి రెండు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టాను: విండోల వారీగా 99, బేరింగ్‌ల వారీగా 71. క్లాసుకు ఒక బేరింగ్ పక్కన పెడుతూ నాలుగు ఫోల్డులు (విడతలు) చేసి, ఏ ఫోల్డులో ఎంత వచ్చిందో కూడా రాశాను. వైవాలో ప్రశ్నలన్నీ ఆ పట్టిక మీదే వచ్చాయి, అదృష్టం కొద్దీ వాటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. 99 ఒక్కటే రాసి ఉంటే "టెస్ట్‌లో ఎన్ని బేరింగ్‌లున్నాయి?" అన్న ఒక్క ప్రశ్నకే నోరు పెగిలేది కాదు. 71ని పెంచాలంటే లేయర్లు కాదు, బేరింగ్‌లు పెంచండి. నేను ఇంకో ఎనిమిది సంపాదించాక అది కదిలింది.

మిగతా లక్షణాలు

నడిపిన ప్రతిసారీ వేరే యాక్యురసీ వస్తుంటే సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే అంకె) బిగించేసి ఊరుకోకండి, అది జ్వరం కొలిచే గాజుగొట్టాన్ని దాచేయడం లాంటిది. టెస్ట్‌లో 40 నమూనాలుంటే ఒక్కటి మారినా 2.5 శాతం కదులుతుంది. ఐదు సీడ్లతో నడిపి సగటు, విచలనం రాయండి.

యాక్యురసీ 90 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతే డేటాలో పెద్ద క్లాసు వాటా ఎంతో చూడండి. అదీ 90 అయితే మోడల్ అన్నిటికీ ఒకే జవాబు చెబుతోంది.

కెరాస్ లైబ్రరీలో ట్రైనింగ్ బాగుండి వాలిడేషన్ (ట్రైనింగ్ మధ్యలో పరీక్షించే భాగం) యాక్యురసీ సున్నా దగ్గర ఉంటే, వాలిడేషన్ స్ప్లిట్ అనేది షఫుల్ చేయకముందే డేటా చివరి భాగాన్ని కోసుకుంటుందని గుర్తుంచుకోండి. క్లాసుల వరుసలో పేర్చిన డేటా అయితే వాలిడేషన్‌లో ట్రైనింగ్ ఎన్నడూ చూడని క్లాసే ఉంటుంది.

జీపీయూ లెక్కల్లో వచ్చే చిన్న తేడాలు, లైబ్రరీ వెర్షన్లు, ర్యామ్ పాడవడం: వీటి జోలికి చివర్లో వెళ్లండి. "మా ల్యాప్‌టాప్ లెక్కలు తప్పు చేస్తోంది" అని ఒకరు గట్టిగా వాదిస్తే కూర్చుని చూశాను. యాక్సిలరోమీటర్ (కంపనం కొలిచే సెన్సార్) కేబుల్ వదులుగా ఉంది.